చేతివేళ్ల సాక్ష్యం

మా సంఘంలో ఆదివారం ఆరాధనలో, ప్రసంగానికి ముందు, సాక్ష్యాలకు కొంత సమయం ఇస్తారు. ఆ వారం దేవుడు తమకు చేసిన మేలును ఎవరైనా లేచి నిలబడి చెప్పవచ్చు. జ్వరం తగ్గిన బిడ్డ తల్లి చెబుతుంది. బస్సు కాలవలోకి దిగిపోయినా దెబ్బ తగలని కండక్టరు చెబుతాడు. చప్పట్లుండవు. అందరూ ఒక్కసారిగా "స్తోత్రం" అంటారు. ఆ మాట మన మీద పడ్డాక, మనం చెప్పినదాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి మాత్రం మాకు లేదు. నేను అక్కడ లేచి చెప్పిన ఒక మాట మా ఇంటిని ఏం చేసిందో ఇప్పుడు రాస్తున్నాను.

నాకు నర్సీపట్నంలో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. తొంభైల నాటి మాట, ఊళ్లోకి కంప్యూటర్లు ఇంకా రాలేదు. గొలుగొండ నుంచీ రోలుగుంట నుంచీ వచ్చే పిల్లలు బస్సు దిగి నేరుగా మా మేడమెట్లు ఎక్కేవారు. టైపు లోయరు, హయ్యరు పరీక్షలు పాసైతే ఏదో ఒక ఆఫీసులో కుర్చీ దొరుకుతుందని వాళ్ల ఆశ. ఆదివారాలు నేనే చర్చిలో హార్మోనియం వాయించేవాణ్ణి. వారం పొడుగునా నా బతుకు చేతివేళ్ల మీదే నడిచేది.

షుగరు అప్పటికే కొన్నేళ్లుగా ఉంది. దాని సంగతి నాకంటే మా ఆవిడకే బాగా తెలుసు. మిషన్ హాస్టల్లో పెరిగిన మనిషి. ఏ పనికైనా ఒక పద్ధతి, ఒక వేళ ఉండాలి ఆమెకు. రోజూ పొద్దున్నే వంటింటి గట్టు మీద స్పిరిట్ దీపం వెలిగించి, గాజు గొట్టంలో నీలం రంగు మందు పోసి, అందులో నా మూత్రం చుక్కలు వేసి మరగబెట్టేది. నీలంగానే ఉంటే షుగరు లేనట్టు. ఆకుపచ్చకు తిరిగితే కొంచెం ఉన్నట్టు. పసుపు దాటి ఇటుక రంగుకు వెళ్లిందంటే ఆ రోజు మా ఇంట్లో నవ్వు ఉండదు. గొట్టాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసి, "నీలవే" అని నా వైపు తిరిగేది. ఆ ఒక్క మాట కోసం నేను పళ్లు తోముకుంటూ నిలబడేవాణ్ణి.

మాకు పిల్లలు లేరు. బిడ్డ కోసం ఆమె ఏళ్లతరబడి శుక్రవారాలు ఉపవాసం ఉంది. దేవుడు ఇవ్వలేదు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు, శుక్రవారాలను మాత్రం మానలేదు. నా వేళ్లు పట్టేయడం మొదలయ్యాక ఆ ఉపవాసాన్ని నా వేళ్ల వైపు మళ్లించింది.

అది కీళ్లవాతం. పొద్దున లేచేసరికి వేళ్లు ముడుచుకుపోయి ఉండేవి. మధ్యాహ్నానికి గాని అక్షరాల మీద నిలబడేవి కావు. చొక్కా గుండీలు ఆమే పెట్టేది. చర్చిలో హార్మోనియం మూత తీయడం మానేశాను. పాటలకు తాళాలు మాత్రమే మోగేవి. విశాఖపట్నం వెళ్లి పెద్ద డాక్టరుకు చూపించుకుందాం అని ఆమె అన్నప్పుడల్లా, పరీక్షలు అవనీ అన్నాను. పిల్లల పరీక్షలు అయిపోయాయి, మళ్లీ వచ్చాయి. నేను వెళ్లలేదు.

రోలుగుంట రోడ్డులో నా చిన్ననాటి స్నేహితుడొకడికి క్లినిక్ ఉండేది. అతను డాక్టరు చదువు చదివినవాడు కాదు. ఒక డాక్టరు దగ్గర కొన్నాళ్లు కాంపౌండరుగా చేసి, సూది వేయడం నేర్చుకుని బోర్డు పెట్టుకున్నాడు. జనం డాక్టరు గారనే పిలిచేవారు. ఒకనాడు బజార్లో నా చెయ్యి చూశాడు.

"ఏట్రా, ఆ వేళ్లేటి, అల్లం కొమ్ముల్లాగ అయిపోనాయి?"

"వాతం."

"వాతమా, నీ మొకమా. సాయంత్రం రా, పొట్లం కట్టిస్తాను. బేగి తగ్గిపోద్ది."

"నాకు షుగరుంది కదరా."

"నాకు తెలీదేటి? నీకు షుగరని మీ ఇంట్లో నాక్కూడా చప్పిడి టీ పోస్తది మీ ఆవిడ. కొన్నాళ్లు తిని ఆపీ. ఏం కాదు."

కాగితం పొట్లంలో రెండు మూడు రకాల మాత్రలుండేవి. అందులో చిన్న తెల్ల మాత్రను అతను 'గట్టి మాత్ర' అనేవాడు. అదేమిటని నేను అడగలేదు. మూడో రోజు పొద్దున నా వేళ్లు పసిపిల్లాడి వేళ్లలాగ విచ్చుకున్నాయి. నమ్మలేక అద్దం ముందు నిలబడి గుండీలు పెట్టుకుంటూ, మళ్లీ తీసి మళ్లీ పెట్టుకుంటూ ఉన్నాను.

మా ఆవిడ గాజు గొట్టం పట్టుకుని వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. నా చేతుల వైపు చూసింది. గొట్టాన్ని జాగ్రత్తగా కింద పెట్టి, తనూ అక్కడే నేల మీద కూర్చుంది.

"నిన్న శుక్రవారం" అంది.

నేను పొట్లం సంగతి చెబుదామనే నోరు తెరిచాను. కానీ ఆమె ఏడుస్తోంది. ఏడుస్తూ నవ్వుతోంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె అడిగినది ఏదైనా దొరికిందంటే అది ఇదే. ఆ మొహం చూస్తూ మందుల పొట్లం గురించి ఎలా చెప్పను?

"అవును, శుక్రవారమే" అన్నాను.

ఆ ఒక్క మాటతో ఆగి ఉంటే ఆ తప్పు మా ఇంట్లోనే ఉండిపోయేది. మర్నాడు ఆదివారం. హార్మోనియం మూత తీశాను. నా వేళ్లు మెట్ల మీద పరుగెత్తుతుంటే వెనక కూర్చున్నవాళ్లు మెడలు చాచి చూశారు. సాక్ష్యాల సమయంలో పాస్టరు గారు నా వైపు చూసి తల ఊపారు. లేచాను. "నా భార్య ప్రార్థనను దేవుడు విన్నాడు" అన్నాను. హాలంతా "స్తోత్రం" అంది. స్త్రీల వరసలో ఆమె తల వంచుకుని, ముసుగు అంచు కళ్లకు ఒత్తుకుంటోంది. ఆమెను సంతోషపెట్టడానికే చెప్పానని నాకు నేను చాలాకాలం చెప్పుకున్నాను. నిజానికి ఆ స్తోత్రం నాకు రుచించింది.

అక్కణ్ణుంచి ఆడవాళ్లు ఆమె కోసం రావడం మొదలైంది. పిల్ల పరీక్ష అనీ, మామగారి పక్షవాతమనీ, కళ్లమంట అనీ వచ్చేవారు. సంతకు చింతపండూ కొండచీపుర్లూ తెచ్చే కొయ్యూరు వైపు ముసలామె ఒకామె మా సంఘం మనిషి కాకపోయినా, ఎవరో చెబితే వచ్చి మోకాలు చాపి కూర్చుంది. మా ఆవిడ ఆ మోకాలి మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. అంతకు ముందు చర్చిలో వెనక వరసలో కూర్చునే మనిషి ఇప్పుడు ముందు వరసలోకి వచ్చింది. బిడ్డలు లేరని ఆమెను శుభకార్యాలకు చివర పిలిచేవాళ్లే ఇప్పుడు పురిటి మంచం దగ్గరకు మొదట ఆమెను తీసుకెళ్లేవారు.

కొన్నాళ్లు తిని ఆపమన్న మాత్ర నేను ఆపలేదు. ఆపితే వేళ్లు మళ్లీ ముడుచుకునేవి. ముడుచుకుంటే సాక్ష్యం అబద్ధమైపోతుంది. "ఒరే, చాలు కదరా" అని స్నేహితుడు రెండు మూడుసార్లు అన్నాడు. అంటూనే కట్టి ఇచ్చాడు. పొట్లాన్ని ఇన్‌స్టిట్యూట్లో, టైపు మిషన్ల రిబ్బన్లు పెట్టే రేకు డబ్బాలో దాచి, వెళ్లగానే వేసుకునేవాణ్ణి.

నా మొహం నిండింది. బుగ్గలు వచ్చాయి. "దేవుడు ముట్టిన మనిషండీ, కళ వచ్చేసింది" అనేవారు. మెడ వెనక కండ పెరిగితే ఒళ్లు చేశాడన్నారు. నాకేమో ఎప్పుడూ ఆకలి, ఎంత తాగినా దాహం. ముంజేతి మీద టేబులు అంచు తగిలితే చాలు, నల్లగా కమిలిపోయేది.

షుగరు మందులకని, ఎప్పుడూ చూపించుకునే పెద్ద బజారు డాక్టరు గారి దగ్గరకు ఇద్దరం వెళ్తే, భోజనం తర్వాత రక్తం తీయించి, ఆ కాగితం చూసి కళ్లజోడు తీసేశారు.

"ఏంటమ్మా, మధ్యాహ్నం ఏం పెడుతున్నావు ఈయనకి?" అని మా ఆవిణ్ణి అడిగారు.

"రెండు చపాతీలండీ, ఆకుకూర, మజ్జిగ. పొద్దున్న రోజూ నీలవే వస్తందండీ."

"నీలం రావడమేంటి, ఇంత ఉంటే? నువ్వు టెస్టు సరిగ్గా చేస్తున్నావా? పంచదార డబ్బా ఎక్కడ పెడుతున్నావు?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని ఆయన నన్నే సూటిగా అడిగారు. ఆమె నా పక్కనే కూర్చుని ఉంది. లేదండీ అన్నాను.

ఆ తర్వాత ఆమె చపాతీ ఒకటి తగ్గించింది. ఆమె కూడా నాతోపాటు అదే తింది. కూరలో బెల్లం ముక్క వేయడం మా ఇంట్లో శాశ్వతంగా ఆగిపోయింది. అయినా మళ్లీ పరీక్షలో షుగరు పెరిగింది. అప్పుడామె ఒక పని చేసింది. ఒక మధ్యాహ్నం క్యారేజీతోపాటు సంచిలో గాజు గొట్టం, స్పిరిట్ దీపం, నీలం మందు పెట్టుకుని ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చేసింది. పిల్లలు టకటకమని కొడుతున్నారు. నన్ను వెనక గదిలోకి పిలిచి చేతిలో చిన్న సీసా పెట్టింది.

"ఇప్పుడా? ఇక్కడా?" అన్నాను.

"ఇప్పుడే. ఆళ్లకేటి కనిపిస్తది, మీరు తలుపేసుకోండి."

ఆ రోజు గొట్టంలో నీలం ఆకుపచ్చ దగ్గర ఆగలేదు, పసుపు దగ్గరా ఆగలేదు. ఇటుక పొడి కలిపినట్టు అడుగుకు దిగింది. ఆమె దాన్ని కిటికీ దగ్గర పెట్టి చాలాసేపు చూసింది.

"పొద్దున్న నీలవు, మద్దేనం ఇటుక. మద్దిలో ఏదో అవుతంది. నిజం సెప్పండి, ఏటి తింటన్నారు? కాజాలా?"

రిబ్బన్ల డబ్బా ఆమె మోచేతి పక్కనే ఉంది. నా మనసు ఎంత వేగంగా పనిచేసిందో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. తల దించుకుని, "అవును" అన్నాను. "మెట్ల కింద బేకరీ ఉంది కదా. ఆగలేకపోతున్నాను."

నేను ఆ బేకరీలో ఏదీ తిన్నవాణ్ణి కాదు. చెయ్యని తప్పును ఒప్పుకున్నాను. ఆమె నా తల మీద చెయ్యి వేసి, "పోన్లెండి, సెప్పీసారు, అదే సాలు" అంది. చెయ్యని తప్పుకు క్షమాపణ దొరికింది. ఆ క్షమాపణలో నాకు హాయిగా కూడా అనిపించింది. ఆ శుక్రవారం స్త్రీల కూటంలో ఆమె ప్రార్థన విన్నపం ఇచ్చింది: "మా ఆయన నాలుక కోసం ప్రార్దన సేయండి." సంఘంలో మగవాళ్లు నన్ను చూసి, "ఏం గురూ, కాజాలా, జిలేబీలా?" అని ఆటపట్టించారు. బేకరీ వాడు నన్ను చూస్తే మొహం తిప్పుకునేవాడు. తిట్టి వచ్చిందట ఆమె.

నవ్వులు భరించాను. నా నాలుక కోసం ఆమె మరో పూట ఉపవాసం పెంచుకుందని తెలిసినప్పుడు భరించలేకపోయాను. మాత్ర మానేస్తాను, వేళ్లు పోతే పోనీ, వ్యాధి తిరగబెట్టిందంటాను అనుకున్నాను. డబ్బా ఖాళీ చేసి పొట్లాలు కాలవలో పడేశాను. అన్నాళ్లు తిన్న ఆ మాత్రను ఒక్కసారి ఆపకూడదని నాకు తెలియదు. అదేం మాత్రో కూడా తెలియదు కదా.

వేళ్లు పట్టేయడం అనుకున్నదే. దానికంటే ముందు ఒంట్లో సత్తువంతా ఎవరో తోడేసినట్టయింది. వాంతులు. నిలబడితే కళ్లకు చీకటి. పిల్లలకు డిక్టేషన్ ఇస్తూ బల్ల మీద పడిపోయాను. ఆటోలో వేసుకుని తీసుకెళ్లారట. మెలకువ వచ్చేసరికి సెలైన్ ఎక్కుతోంది. డాక్టరు గారు నా చేతి మీద కమిలిన మచ్చలను వేలితో తాకుతూ మా ఆవిణ్ణి అడుగుతున్నారు.

"ఈయన స్టెరాయిడ్ ఏమైనా వాడారామ్మా? కీళ్లకి, ఆయాసానికి, ఎవరైనా ఇచ్చారా?"

"నేదండీ." ఆమె గొంతులో తొట్రుపాటు లేదు. "కీళ్లకైతే మందే అక్కర్లేకుండా ప్రభువే బాగుసేసాడండీ. సంఘమంతా సూసారు."

డాక్టరు గారు నా వైపు తిరిగి, కొంచెం వంగి, "చెప్పకపోతే నేను వైద్యం చెయ్యలేను" అన్నారు.

చెప్పాను. పొట్లం, రోలుగుంట రోడ్డు, రిబ్బన్ల డబ్బా. ఆమె మంచం కొస దగ్గర నిలబడి వింది. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"సాక్ష్యం సెప్పీటప్పటికే తింటన్నారా?"

తల ఊపాను. ఆమె కాజాల గురించి అడగలేదు. డాక్టరు తనను తిట్టిన సంగతి ఎత్తలేదు. క్యారేజీ సర్దుకుని బయటి బల్ల మీద కూర్చుంది.

ఆ గట్టి మాత్ర స్టెరాయిడేననీ, దాన్ని మళ్లీ మొదలుపెట్టక తప్పదనీ, నెలల మీద కొంచెం కొంచెంగా దించాలనీ డాక్టరు గారు చెప్పారు. పొద్దున వేసుకున్న మాత్ర మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా షుగరును ఎక్కించి, తెల్లారేసరికి దిగనిస్తుందట. అందుకే ఆమె గాజు గొట్టం పొద్దున నీలం చూపించింది. "నీ టెస్టు తప్పు కాదమ్మా" అన్నారు. ఆమె తల ఊపింది, అంతే. ఇక షుగరు మాత్రలు చాలవు, ఇన్సులిన్ కావాలన్నారు. స్టెరాయిడ్ దించినప్పుడల్లా ఇన్సులిన్ కూడా అడిగి దించాలి, మర్చిపోతే షుగరు పడిపోయి ప్రాణం మీదకు వస్తుందన్నారు.

మాకు ఫ్రిజ్ లేదు. కొత్త కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో గిన్నె పెట్టి, ఇన్సులిన్ సీసా అందులో ఉంచింది. పొద్దున మాత్ర, దాని వెనక సూది, టిఫిను. మధ్యాహ్నం క్యారేజీతోపాటు గాజు గొట్టం. సాయంత్రం కాళ్లు కడిగి వేళ్ల సందులు చూడటం. షుగరు పడిపోయి చెమట పడితే నోట్లో వేయడానికి నా జేబులో బెల్లం ముక్క. అన్నీ ఆమే పెట్టింది, ఒక్క పూట తప్పలేదు. ఆమె చేతి సూది నొప్పి తెలిసేది కాదు. కానీ "నీలవే" అని నా వైపు తిరగడం ఆగిపోయింది. గొట్టం చూసి, కడిగి, బోర్లించేది. శుక్రవారాలు అన్నం తినడం మొదలుపెట్టింది. ప్రార్థన కోసం ఎవరైనా వస్తే, ఒంట్లో బాగోలేదనేది.

లేవగలిగాక స్నేహితుడి దగ్గరకు వెళ్లాను. నమ్మించి మోసం చేశావన్నాను. జనం ఉన్నారని కూడా చూడకుండా అరిచాను. అతను చేతిలో పని ఆపలేదు.

"మోసం నేను సేసానా? ఆపమంటే ఆపినావా? ఊరందరికీ దేవుడు బాగుసేసాడని సెప్పుకున్నావు, మందిచ్చినోడి పేరెత్తినావా ఎక్కడైనా?"

అతను చేసింది నేరమే. నేను దాన్ని మాఫీ చెయ్యను. కానీ ఆ మాట విన్నాక మెట్లు దిగి వచ్చేశాను.

మిగిలింది సంఘం. ఆదివారం లేచి నిజం చెప్పేస్తానని ఆమెతో అన్నాను. గోంగూర వలుస్తోంది.

"వద్దు" అంది.

"తప్పు ఒప్పుకోవద్దా?"

"మీరు ఒప్పీసుకుంటారు, తేలికైపోతారు. ఆళ్ల మొకాలు సూడాల్సింది నేను. మొదట నన్నడక్కుండానే నన్ను లెగదీసి నిలబెట్టారు. ఇప్పుడు కూలదోసీటప్పుడైనా నా మాట ఇనండి."

నేను వినలేదు. నిజం చెప్పడం కంటే గొప్ప పని ఉండదనుకున్నాను. ఆదివారం లేచాను. మందు తిన్నాను, అబద్ధం చెప్పాను, నన్ను క్షమించండి అన్నాను. ఎవరో మొదలుపెట్టారు, హాలంతా అందుకుంది. "స్తోత్రం." ఆరాధన అయ్యాక పాస్టరు గారు నన్ను కౌగిలించుకున్నారు. ఎంత ధైర్యం అన్నారు. స్త్రీల వరస వైపు తిరిగి చూస్తే ఆమె చోటు ఖాళీగా ఉంది.

ఆ తర్వాత ఎవరూ ఆమె కోసం రాలేదు. ఎవరూ ఏమీ అనలేదు కూడా. చర్చిలో మళ్లీ వెనక వరసలో కూర్చోసాగింది.

కాలం మారింది. ఎదురు మేడ మీదకు కంప్యూటర్లు వచ్చాయి. నా టైపు మిషన్లు ఇనుము తూకానికి వెళ్లాయి. విశాఖపట్నం డాక్టరు రాసిన మందులతో వేళ్లు ఉన్నంతలో నిలబడ్డాయి, హార్మోనియం మాత్రం ముట్టుకోలేదు. స్టెరాయిడ్ చిన్న ముక్క దగ్గర ఆగిపోయింది, పూర్తిగా వదల్లేదు. గాజు గొట్టం పోయి, వేలి నుంచి రక్తపు చుక్క తీసి అంకె చూపించే చిన్న మిషను వచ్చింది.

ఒక సంత రోజు మధ్యాహ్నం, భోజనానికి ముందు, కొయ్యూరు వైపు ముసలామె చీపుర్ల మోపు గుమ్మంలో దించింది. ఏళ్లయింది చూసి. మా సంఘంలో జరిగింది ఆమె దాకా చేరలేదు.

"ఓలమ్మ, బాగున్నావా? అప్పుడు నువ్వు సెయ్యేసినావు కదా, ఆ మోకాలు మరి నొప్పెట్టనేదు తల్లీ. ఇదిగో, ఈ సేతికీ ఓపాలి పెట్టు."

మా ఆవిడ ఆమె ఎదుట కూర్చుంది. కుడిచెయ్యి కొంచెం లేచింది. నేను గుమ్మం పక్కనుంచి ఆ చేతినే చూస్తున్నాను. అది ముసలామె మోచేతి దాకా వెళ్లి ఆగింది.

"అప్పుడు మోకాలికి ఏటి మందు తిన్నావు?" అని అడిగింది.

ముసలామె నవ్వింది. "మందేటమ్మా? నానేటీ తిన్నేదు. నీ పార్దనే."

"సూది ఏయించుకున్నావా? పొట్లం ఏటైనా ఎవులైనా ఇచ్చారా? నిజం సెప్పు."

"నేదు తల్లీ, నీ తోడు."

మా ఆవిడ ఆ మొహాన్ని వెతుకుతున్నట్టు చూసింది. ముసలామె కళ్లలో దాచినదేదీ నాకు కనిపించలేదు. బహుశా ఆమెకూ కనిపించి ఉండదు. అయినా చెయ్యి వెనక్కి తీసుకుంది. "పెద్దాసుపత్రికి ఎల్లి సూపించుకో" అని చెప్పి, చీపురు ఒకటి తీసుకుని, తినమని అన్నం పెట్టి పంపించింది.

తర్వాత మిషను తీసుకుని నా దగ్గరకు వచ్చింది.

"పొద్దుట్నుంచి ఏటైనా తిన్నారా?"

"లేదు" అన్నాను. నిజమే చెప్పాను.

ఆమె నా వేలు పట్టుకుని గుచ్చింది. చుక్క మిషను మీద పడింది. ఇద్దరం ఆ అంకె కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం.